కరెంటు పెడితే గడ్డ పోతుందా? పాంక్రియాస్ క్యాన్సర్, రేడియేషన్, నేను అడగని ఒక్క ప్రశ్న



ఈ ఎపిసోడ్ స్క్రిప్ట్ మూడుసార్లు రాసి మూడుసార్లు డిలీట్ చేశాను. ఫోన్ల గురించి, యాప్‌ల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడటం ఈజీ. ఇది మా ఇంట్లో జరిగిన విషయం. కానీ పోయిన నెల మన సబ్‌స్క్రైబర్ ఒకతను మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా నాన్నకి పాంక్రియాస్ క్యాన్సర్ అన్నారు. కరెంటు పెడితే గడ్డ పోతుందా?" అని. సరిగ్గా ఇదే ప్రశ్న రెండేళ్ల కిందట మా అత్తయ్య నన్ను అడిగింది. అప్పుడు నేను చెప్పిన జవాబు తప్పు. అందుకే ఈరోజు కూర్చున్నా.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇటు వచ్చినవాణ్ణి. ఇది చూసి ఎవరూ ట్రీట్‌మెంట్ మొదలుపెట్టొద్దు, ఆపొద్దు. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలిస్తే చాలు.

మా చిన్న మావయ్యది సత్తుపల్లి. మోటార్ వైండింగ్ షాపు. చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటారు కాలిపోతే ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. వయసు 54. ముందు నడుం నొప్పి వచ్చింది. మోటార్లు ఎత్తుతాడు కదా, అందువల్లే అనుకున్నారు. తర్వాత పొట్ట పైభాగంలో నొప్పి. గ్యాస్ అనుకున్నారు, మూడు నెలలు గ్యాస్ మాత్రలే మింగాడు. ఇంట్లో ఎవరికీ లేని షుగర్ కొత్తగా వచ్చింది. బెల్టుకి రెండు కొత్త రంధ్రాలు పెట్టుకున్నాడు. షుగర్ వల్ల సన్నబడ్డాడులే అనుకున్నాం. రాత్రి వెల్లకిలా పడుకోలేక, దిండు ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి కూర్చునేవాడు.

ఇప్పుడు తెలుసు. వీటిలో ఒక్కొక్కటీ మామూలు విషయమే, కానీ నడుం దాకా పాకే పొట్టనొప్పి, బరువు తగ్గడం, పెద్ద వయసులో హఠాత్తుగా షుగర్ ఈ మూడూ కలిసి వస్తే స్కాన్ అడగాల్సిందే. సీటీ స్కాన్ తీస్తే పాంక్రియాస్ మధ్యభాగంలో గడ్డ కనిపించింది. పక్కనున్న పెద్ద రక్తనాళాన్ని చుట్టేసింది. ఆపరేషన్ కుదరదన్నారు. బయాప్సీ, తర్వాత నాలుగు నెలలు కీమో. ఆ తర్వాత స్కాన్‌లో లివర్ మీద చిన్న చిన్న మచ్చలు. నొప్పి మాత్రం బాగా పెరిగింది. అప్పుడు డాక్టర్ అన్నారు, "రేడియేషన్ ఇద్దాం, ఐదు రోజులు."

మావయ్య నా వైపు చూసి నవ్వాడు. "ముప్పై ఏళ్లు కరెంటుతో ఆడుకున్నా అల్లుడూ, ఇప్పుడు నాకే పెడతారంట."

నేనేం చేశానో తెలుసా? ఫోన్ తీసి నోట్స్ ఓపెన్ చేసి టకటకా అడిగాను. ఎన్ని సిట్టింగ్స్ సార్? ఎంతవుతుంది సార్? ఎప్పుడు మొదలు సార్? పక్కా ప్రాజెక్ట్ మేనేజర్‌లా. టైమ్‌లైన్, బడ్జెట్, స్టార్ట్ డేట్ అన్నీ రాసుకున్నా. బయటికొచ్చాక అత్తయ్య అడిగింది, "కరెంటు పెడితే గడ్డ పోతుందా నాన్నా?" "పోతుంది అత్తయ్యా, దానికే కదా పెట్టేది" అన్నాను. సాఫ్ట్‌వేర్‌లో మొదటి రోజే నేర్పే పాఠం, రిక్వైర్‌మెంట్ తెలుసుకోకుండా పని మొదలెట్టొద్దని. ఆ రేడియేషన్ ఎందుకు ఇస్తున్నారని మాత్రం నేను అడగలేదు.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

పాంక్రియాస్‌ని తెలుగులో క్లోమం అంటారు. దాదాపు 15 సెంటీమీటర్ల పొడవుండే గ్రంథి. జీర్ణాశయం వెనకాల, వెన్నెముకకి ముందు, అడ్డంగా ఉంటుంది. ఇన్సులిన్ అక్కడే తయారవుతుంది, అన్నం అరిగించే రసాలూ అక్కడివే. దాని తలభాగం చుట్టూ చిన్నపేగు మొదటి భాగం మెలిక తిరిగి ఉంటుంది. వెనకాల పేగులకి, లివర్‌కి వెళ్లే పెద్ద రక్తనాళాలు. వాటి దగ్గరే నరాల గుత్తి ఒకటి ఉంటుంది, సీలియాక్ ప్లెక్సస్ అంటారు. మావయ్య నొప్పి నడుంలోకి పాకిందంటే కారణం ఆ నరాలే. ముందుకు వంగితే కాస్త హాయిగా ఉండేదన్నా అందుకే.

ఇక రేడియేషన్. మన ఊళ్లలో కరెంటు పెట్టడం అంటారు కానీ ఒంట్లోకి కరెంటేమీ పంపరు. లీనియర్ యాక్సిలరేటర్ అనే మెషిన్ చాలా ఎక్కువ శక్తి ఉన్న ఎక్స్‌రేలని తయారుచేస్తుంది. ఆ కిరణాలు కణంలోకి వెళ్లి డీఎన్ఏని తెంపుతాయి. కణం వెంటనే చావదు, చాలావరకు రెండుగా చీలబోయేటప్పుడు చస్తుంది. మామూలు కణాలకీ దెబ్బ తగులుతుంది, కానీ వాటికి రిపేర్ చేసుకునే శక్తి ఎక్కువ. అందుకే మొత్తం డోసుని ముక్కలు చేసి, రోజుకి కొంచెం చొప్పున ఇస్తారు. డోసుని గ్రే అనే యూనిట్‌లో కొలుస్తారు.

మావయ్యకి ఇదంతా యానిమేషన్ వీడియో చూపించి చెప్తే, "అంటే వైండింగ్ తెంపేస్తారన్నమాట. మోటారు బయటికి బాగానే కనబడుద్ది, స్టార్ట్ చేస్తే తిరగదు" అన్నాడు. అంత మంచి ఉదాహరణ నాకు తట్టలేదు.

మరి కిరణాలతో చంపేయొచ్చు కదా, పాంక్రియాస్‌కి ఇంత గొడవెందుకు? మూడు కారణాలున్నాయి.

మొదటిది, పక్కింటివాళ్లు. చిన్నపేగు, జీర్ణాశయం రేడియేషన్‌ని తట్టుకోలేవు. డోసు ఎక్కువైతే పుండ్లు పడతాయి, రక్తస్రావం అవుతుంది, ఒక్కోసారి రంధ్రం కూడా పడొచ్చు. గడ్డని చంపేంత డోసు ఇద్దామంటే దాన్ని ఆనుకుని పేగు ఉంటుంది.

రెండోది, అది కదులుతుంది. ఊపిరి తీసిన ప్రతిసారీ పాంక్రియాస్ పైకీ కిందకీ జరుగుతుంది. ఒక సెంటీమీటరు, కొందరిలో ఇంకా ఎక్కువ. నడుస్తున్న బైక్ మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించినట్టు.

మూడోది, ఆ గడ్డ స్వభావం. పాంక్రియాస్ క్యాన్సర్ గడ్డలో గట్టి పీచులాంటి కణజాలం చాలా ఉంటుంది, లోపల ఆక్సిజన్ తక్కువ. ఆక్సిజన్ తక్కువున్న కణాల మీద రేడియేషన్ సరిగ్గా పనిచేయదు. పైగా ఈ జబ్బు చాలామందిలో కనిపెట్టేసరికే వేరేచోటికి పాకి ఉంటుంది. రేడియేషన్ తగిలినచోటే పనిచేస్తుంది. పొట్టలో ఇస్తే లివర్‌లో ఉన్న మచ్చలకి ఏమీ కాదు. ఒళ్లంతా తిరిగేది కీమో. ఈ ఒక్క తేడా నాకు ముందే తెలిసుంటే అత్తయ్యకి ఆ జవాబు చెప్పేవాణ్ణి కాదు.

డాక్టర్లు వీటిని ఎలా ఎదుర్కొంటారంటే, ముందు సిమ్యులేషన్ అని ఒకరోజు పిలుస్తారు. ట్రీట్‌మెంట్ ఏ భంగిమలో ఇస్తారో అలాగే పడుకోబెట్టి సీటీ తీస్తారు. ఒంటి మీద చిన్న చుక్కలు పెడతారు, రోజూ అదే పొజిషన్‌లోకి తేవడానికి. ఊపిరితో గడ్డ ఎంత కదులుతుందో కొలుస్తారు, కొన్నిచోట్ల ఊపిరి బిగపట్టమంటారు. కొందరికి ఎండోస్కోపీతో గడ్డలో సన్నని బంగారు గుర్తులు పెడతారు, స్కాన్‌లో ఆనవాలుగా. చాలాచోట్ల కొన్ని గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు.

మామూలు పద్ధతిలో అయితే కీమోతో కలిపి ఐదారు వారాలు ఇస్తారు. రోజుకి 1.8 గ్రే చొప్పున 28 రోజులు, మొత్తం 50.4 గ్రే, ఇది బాగా వాడుకలో ఉన్న లెక్క. కొత్త పద్ధతిని ఎస్‌బీఆర్‌టీ అంటారు. గురి చాలా కచ్చితంగా పెట్టి, పెద్ద డోసులు ఐదు రోజుల్లో ఇచ్చేస్తారు. ఎంఆర్ఐ జోడించిన మెషిన్లు కూడా వచ్చాయి, గడ్డ కదలికని అప్పటికప్పుడు చూస్తూ ఇస్తాయి. నొప్పి కోసం ఇచ్చేదైతే డోసు తక్కువ, రోజులూ తక్కువ.

ఇస్తున్నప్పుడు నొప్పి ఉండదు. కొన్ని నిమిషాల పని. బయటి మెషిన్‌తో ఇచ్చే రేడియేషన్ వల్ల పేషెంట్ ఒంట్లో రేడియేషన్ మిగిలిపోదు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు. మా బంధువుల్లో ఒకాయన మావయ్య గదిలోకి మాస్కు పెట్టుకుని వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. దయచేసి అలా చేయకండి. పొట్టకి ఇస్తే తల వెంట్రుకలు రాలవు కూడా. నీరసం, వికారం, ఆకలి లేకపోవడం, విరేచనాలు మాత్రం రావచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న. రేడియేషన్ ఎందుకు ఇస్తారు? పాంక్రియాస్ క్యాన్సర్‌లో ముఖ్యంగా మూడు సందర్భాలున్నాయి.

ఒకటి, ఆపరేషన్‌కి దారి వేయడానికి. ఈ క్యాన్సర్‌ని పూర్తిగా వదిలించుకునే అవకాశం ఇప్పటికీ ఆపరేషన్‌తోనే ఉంది, కానీ కనిపెట్టేసరికి ఆపరేషన్ కుదిరేది 100 మందిలో దాదాపు 15 నుంచి 20 మందికే. గడ్డ రక్తనాళాన్ని అంటీ అంటనట్టు ఉన్నవాళ్లకి ముందు కీమో, కొందరికి రేడియేషన్ కూడా ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేస్తారు. నెదర్లాండ్స్‌లో ప్రియోపాంక్ అని ఒక పెద్ద అధ్యయనం చేశారు. ముందు కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చినవాళ్లలో ఐదేళ్లు బతికినవాళ్లు 20.5 శాతం, నేరుగా ఆపరేషన్‌కి వెళ్లినవాళ్లలో 6.5 శాతం. చూడటానికి రేడియేషన్ గెలిచినట్టే ఉంది కదా? ఆగండి. వాళ్లకి ఆపరేషన్‌కి ముందు కీమో కూడా అందింది. తర్వాత అమెరికాలో అలయన్స్ అనే గ్రూపు బలమైన కీమో ఒక్కటే ఇచ్చి, కీమోకి రేడియేషన్ జోడించి, రెండూ పరీక్షించింది. 2022లో రిజల్ట్స్ వచ్చాయి. 18 నెలల తర్వాత బతికున్నవాళ్లు కీమో గ్రూపులో దాదాపు 67 శాతం, రేడియేషన్ కలిపిన గ్రూపులో 47 శాతం. అంటే ఎక్కువ ట్రీట్‌మెంట్ ఇస్తే ఎక్కువ మేలు అనే లెక్క ఇక్కడ నడవదు. ఎవరికి, ఎప్పుడు, ఏ కీమోతో అన్నది డాక్టర్ల టీమ్ కూర్చుని తేల్చాల్సిన విషయం.

రెండు, ఆపరేషన్ కుదరదు కానీ ఇంకా ఎక్కడికీ పాకలేదు. అప్పుడు గడ్డని ఉన్నచోటే ఆపడానికి. దీని మీద ఎల్‌ఏపీ07 అనే అధ్యయనం 2016లో వచ్చింది. కీమో మాత్రమే కొనసాగించినవాళ్లు సగటున 16.5 నెలలు, రేడియేషన్‌తో కలిపి ఇచ్చినవాళ్లు 15.2 నెలలు. ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ గడ్డ ఉన్నచోట మళ్లీ పెరగడం 46 శాతం నుంచి 32 శాతానికి తగ్గింది. అది చిన్న విషయం కాదు, ఎందుకంటే అక్కడ పెరిగితేనే కదా ఆ నరాలు, ఆ పేగు దెబ్బతినేది.

మూడు, నొప్పి కోసం. దీన్ని పాలియేటివ్ రేడియేషన్ అంటారు. గడ్డని తీసేయడం ఇక్కడ టార్గెట్ కాదు, మనిషికి ఉపశమనం ఇవ్వడం టార్గెట్. 2024లో వచ్చిన ఒక అధ్యయనంలో నేరుగా ఆ సీలియాక్ నరాల గుత్తికే ఒక్కసారి 25 గ్రే ఇచ్చారు. మూడు వారాల తర్వాత లెక్క చూస్తే సగం మందికి పైగా నొప్పి తగ్గింది.

ఒక పేరున్న మనిషి ఉదాహరణ చెప్తా. చాలామంది స్టీవ్ జాబ్స్ పేరు చెప్తారు కానీ ఆయనది పాంక్రియాస్‌లోనే వచ్చే వేరే రకం గడ్డ, మెల్లగా పెరిగేది. నేను చెప్పేది అమెరికా సుప్రీంకోర్టు జడ్జి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ గురించి. 2009లో పాంక్రియాస్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. 2019లో మళ్లీ గడ్డ కనిపించింది. ఆ ఆగస్టులో న్యూయార్క్‌లో మూడు వారాలు, ఇందాక చెప్పానే, గురిపెట్టి ఇచ్చే రేడియేషన్, అది ఇచ్చారు. వేరేచోట జబ్బు లేదన్నారు. ఆమె కోర్టుకి తిరిగొచ్చి పనిచేసింది. 2020 జనవరిలో తనకి క్యాన్సర్ లేదని కూడా చెప్పింది. అదే ఏడాది జూలైలో లివర్ మీద మచ్చలున్నాయని ప్రకటించింది. సెప్టెంబర్ 18న చనిపోయింది, 87 ఏళ్లు. రేడియేషన్ తగిలినచోట తన పని చేసింది. జబ్బు ఇంకోచోట తేలింది.

ఇక మావయ్య దగ్గరికి వద్దాం.

ఐదు రోజులు అయిపోయాయి. మొదటి వారం నొప్పి ఏమీ తగ్గలేదు, నీరసం ఎక్కువైంది. రెండో వారం దాటాక ఒకరోజు పొద్దున్నే అత్తయ్య ఫోన్. "మీ మావయ్య రాత్రి వెల్లకిలా పడుకున్నాడు నాన్నా." ఏడుస్తూనే నవ్వుతోంది. మార్ఫిన్ మాత్రల డోసు కూడా డాక్టర్ తగ్గించారు. మావయ్య షాపుకి వెళ్లి స్టూలు మీద కూర్చుని, పనివాడికి కాయిల్ ఎలా చుట్టాలో చెప్తున్నాడు. రేడియేషన్ పనిచేసింది. దేనికి ఇచ్చారో ఆ పని చేసింది.

కానీ మేం గడ్డ పోవడం కోసం ఎదురుచూస్తున్నాం. స్కాన్ తీయిస్తే గడ్డ అలాగే ఉంది. "ఇక్కడ సరిగ్గా పెట్టలేదు" అన్నారు బంధువులు. నేను ఇంటర్నెట్ అంతా వెతికి, వేరే సిటీలో పెద్ద మెషిన్ ఉన్న హాస్పిటల్ పట్టుకున్నా. అక్కడ డాక్టర్ ఫైల్ చూడకముందే కౌంటర్‌లో ప్యాకేజీ అంకె చెప్పారు. అత్తయ్య బంగారం తాకట్టు పెట్టింది. మావయ్యని కార్లో రానుపోను తిప్పాం, మూడుసార్లు. మళ్లీ స్కాన్లు, మళ్లీ రక్తపరీక్షలు. మూడోసారి వెళ్లినప్పుడు కానీ పెద్ద డాక్టర్ దొరకలేదు. ఆయన ఫైల్ తిరగేసి, "లివర్‌లో ఉంది కదమ్మా, ఇంక దీనికి రేడియేషన్ అనవసరం" అని పంపించేశారు.

తిరుగు ప్రయాణంలో మావయ్య అన్నాడు, "నొప్పి లేదు కదరా అల్లుడూ. నన్ను షాపులో కూర్చోనియ్యండ్రా."

నొప్పి లేని రోజులు ఆయనకి దాదాపు రెండు నెలలు దొరికాయి. అందులో మూడు వారాలు నేను కార్లో, వెయిటింగ్ హాల్లో ఖర్చు పెట్టించాను. తర్వాత కామెర్లు వచ్చాయి, ఇంక కోలుకోలేదు.

ఆయన పోయిన కొన్ని నెలలకి ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోతే పాత ఫైళ్లు డిలీట్ చేస్తున్నా. మొదటి హాస్పిటల్ వాళ్లు ఇచ్చిన కాగితం స్కాన్ కాపీ కనిపించింది. నేనే స్కాన్ చేసి సేవ్ చేసుకున్నా. అందులో పై వరుసలోనే ప్రింట్ చేసి ఉంది, పాలియేటివ్ రేడియోథెరపీ అని. మొదటి రోజు నుంచీ నా జేబులోనే ఉంది. చదవలేదు.

అందుకే మీ ఇంట్లో ఎవరికైనా ఈ మాట వినాల్సి వస్తే, ఫోన్‌లో ఈ ఐదు ప్రశ్నలు సేవ్ చేసుకోండి.

ఒకటి. ఈ రేడియేషన్ దేనికోసం? ఆపరేషన్‌కి దారి వేయడానికా, గడ్డని ఉన్నచోట ఆపడానికా, నొప్పి తగ్గడానికా?

రెండు. కీమోకి ముందా, తర్వాతా, కలిపా? ఎందుకు?

మూడు. ఏ పద్ధతి, ఎన్ని రోజులు? గడ్డ పేగుకి ఎంత దగ్గర్లో ఉంది?

నాలుగు. పనిచేసిందని మాకు ఎలా తెలుస్తుంది, ఎన్ని వారాలకి? స్కాన్‌లో చూడాలా, మనిషిని చూడాలా?

ఐదు. చేయించకపోతే ఏమవుతుంది? వేరే దారి ఏముంది?

రెండో ఒపీనియన్ తీసుకోవడం తప్పు కాదు, తప్పకుండా తీసుకోండి. కానీ మొదట పేషెంట్‌ని కాదు, ఫైల్‌ని తిప్పండి. రిపోర్టులు, స్కాన్ సీడీ పట్టుకుని ఇంట్లో ఒకరు వెళ్లొస్తే చాలాసార్లు సరిపోతుంది. ఖర్చు విషయానికొస్తే, ఆరోగ్యశ్రీలో రేడియేషన్‌కి కూడా ప్యాకేజీలున్నాయి. ఏ పద్ధతికి వర్తిస్తుందో హాస్పిటల్‌లో ఆరోగ్యమిత్రని అడగండి, బంగారం తాకట్టుకి ముందు అడగండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్ ప్రభుత్వానిదే, అక్కడ పాలియేటివ్ కేర్ విభాగం కూడా ఉంది. పాలియేటివ్ అంటే చేతులెత్తేయడం కాదు. మావయ్య వెల్లకిలా పడుకున్న ఆ రాత్రి ఆ వైద్యం వల్లే వచ్చింది.

మెసేజ్ పెట్టిన తమ్ముడూ, మీ నాన్నగారికి గడ్డ ఎక్కడుంది, ఎంతవరకు పాకింది అన్నది నాకు తెలియదు. కాబట్టి పోతుందనీ చెప్పను, పోదనీ చెప్పను. రేపు డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మొదటి ప్రశ్న అడుగు. జవాబు విని, అర్థమయ్యేదాకా మళ్లీ అడుగు. తర్వాత ఇంటికొచ్చి మీ అమ్మకి ఉన్నది ఉన్నట్టు చెప్పు.

షాపు ఇప్పటికీ ఉంది. ఆ పనివాడే నడుపుతున్నాడు. పోయిన సంక్రాంతికి వెళ్తే కాయిల్ చుడుతూ కనిపించాడు, మావయ్య చెప్పినట్టే.

ఈ ఎపిసోడ్‌కి లైక్ అడగను. ఇది అవసరమైన ఇల్లు ఒకటి మీకు తెలిసే ఉంటుంది, వాళ్లకి పంపండి. మీ ఇంట్లో ఇలాంటి అనుభవం ఉంటే కామెంట్స్‌లో రాయండి, అన్నీ చదువుతాను. వచ్చే వారం మళ్లీ మన ఫోన్లు, యాప్‌లు. అప్పటిదాకా ఉంటా మరి, జాగ్రత్త.